కొండ ముందు మనిషి: హొకుసాయి బొమ్మల్లో కనబడే శ్రమ, కనబడని వెలివాడ

ప్రకృతి దృశ్యం అనేది అమాయకమైన మాట కాదు. కొండను, ఏటిని, మబ్బును చూసి మురిసిపోవాలంటే ముందు నిలబడి చూడ్డానికి ఒక చోటు కావాలి, తీరిక కావాలి. ఆ చోటు ఎవరిది, ఆ తీరిక ఎవరి రెక్కల మీద వచ్చింది అని మన కళా విమర్శ అడిగిన సందర్భాలు చాలా తక్కువ.

యాడికి చుట్టూ ఉన్న ఎర్రమల కొండలనే తీసుకుందాం. కోన ఉప్పలపాడు గుహలు చూడవచ్చేవాళ్లకు ఆ కొండ ఒక వింత. సిమెంటు కంపెనీకి అది సున్నపురాయి, ఇన్ని టన్నులని లెక్క. మేకలు తోలుకుపోయేవానికి మేత. పుల్లలకు పోయే ఆడమనిషికి నెత్తిమీద బరువు. కొండ ఒకటే, చూపులు వేరు. వీటిలో ఏ చూపును సౌందర్యం అన్నారు, ఏ చూపును ఉత్త బతుకుతెరువని పక్కన పెట్టారు? బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు దళిత విమర్శ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నను జపాన్ చెక్క అచ్చు బొమ్మల ముందు పెట్టి చూద్దాం. జపానే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, కొండను గీస్తూనే దాని ముందు పని చేసే మనుషులను నిలబెట్టాడని కత్సుషిక హొకుసాయికి పేరుంది. శ్రమను గౌరవించే విమర్శకులకు ఆయన ఇష్టుడు. రెండు, పుట్టుకను బట్టి మనుషులను వెలివేసే పద్ధతి మన ఒక్కరికే సొంతం కాదు, జపాన్‌లోనూ ఉంది. ఈ రెండు విషయాలనూ ఒకచోట పెట్టి చదవాలి.

పీపాలోంచి కొండ

హొకుసాయి 1760లో ఎడో నగరంలో (నేటి టోక్యో) పుట్టి 1849లో చనిపోయాడు. డెబ్బై ఏళ్ల వయసులో, 1830 నుంచి రెండు మూడేళ్లలో, ఫుజి కొండ ముప్పయ్యారు దృశ్యాలు అనే వరస గీశాడు. జనం బాగా కొన్నారు. ఇంకో 10 కలిపితే మొత్తం 46 బొమ్మలయ్యాయి. ఫుజి 3,776 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం, చివరిసారి 1707లో పేలింది. జపాన్ వాళ్లకది పవిత్ర పర్వతం. 1872 దాకా ఆడవాళ్లను శిఖరం ఎక్కనివ్వలేదు. పవిత్రత ఉన్నచోట అడ్డుగోడ కూడా ఉంటుందని మనకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఈ వరసలో ఒవారి ప్రాంతం బొమ్మ ఒకటుంది. ఆ చోటు పేరు ఫుజిమిగహార, అంటే ఫుజి కనబడే మైదానం. కాయితంలో చాలాభాగం ఒక పెద్ద పీపాయే ఆక్రమించింది. దానికి అడుగు లేదు, పక్కకు తిప్పి పెట్టారు. దొర్లకుండా పనిముట్ల పెట్టె అడ్డం పెట్టి ఉంది. పీపా లోపల ఒక పనివాడు వంగి చిత్రిక పడుతున్నాడు. ఆ గుండ్రంలోంచి చూస్తే పొలాలకు అవతల గోరంత ముక్కోణం కనబడుతుంది. అదే ఫుజి.

ఇక్కడ జరిగిన తలకిందుల పని చిన్నది కాదు. దేశమంతా దండం పెట్టే కొండ గోరంత అయింది. పేరు కూడా తెలియని పనివాడు కొండంత అయ్యాడు. పైగా వాడు కొండకేసి చూడటం లేదు. వాని చూపు చెక్క మీద, చేతి కింద లేస్తున్న పొట్టు మీద ఉంది. కొండను చూసేది మనం, బొమ్మ కొనుక్కున్నవాళ్లం. పనివానికి అంత తీరిక లేదు. తీరిక లేని మనిషిని తీరిక ఉన్నవాళ్లకు గుర్తు చేసే బొమ్మ ఇది. దీని బలమంతా అక్కడే ఉంది.

తోతోమి కొండల బొమ్మలో పెద్ద దూలమొకటి కాయితానికి అడ్డంగా ఏటవాలుగా పోతుంది. ఒకడు దూలం మీద నిలబడి రంపం లాగుతుంటే ఇంకొకడు కింది నుంచి కోస్తున్నాడు. ఒకడు కూర్చుని రంపం పళ్లు పదును పెడుతున్నాడు. బిడ్డను వీపున కట్టుకున్న ఆడమనిషి కూడా అక్కడే ఉంది. ఇక ఫుజి దూలానికి పెట్టిన ఊతకొయ్యల సందులో ఇరుక్కుంది. ప్రపంచమంతా ఎరిగిన పెద్ద అల బొమ్మ కూడా ఈ వరసలోదే. అందులో మూడు పడవలున్నాయి, పచ్చి చేపలను ఎడో అంగడికి చేరవేసే రకం. తెడ్లవాళ్లు తలలు దించి పడవను కరుచుకొని ఉన్నారు. ఆ అలను జపాన్ 2024 జూలైలో కొత్త 1,000 యెన్ నోటు మీద వేసింది. 2023లో న్యూయార్క్ వేలంలో ఒక ప్రతి 27 లక్షల డాలర్లు దాటింది. పేరు అలకు వచ్చింది, డబ్బు అమ్మినవానికి వచ్చింది. పడవలో తలలు ఎన్నో లెక్కబెట్టినవాళ్లు అరుదు.

మన పైకప్పుల మీద ఎవరున్నారు

హొకుసాయి చేసిన మేలు మన దగ్గర పెట్టి చూస్తేగాని తెలియదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మలు 16వ శతాబ్దానివి. రంగులు, అంచులు, చీరల మీద నేత చూసి పండితులు పుస్తకాలు రాశారు. ఆ పైకప్పు మీద దేవుళ్లు, పురాణాలు, గుడి కట్టించిన విరూపన్న, ఆయన పరివారం ఉన్నారు. బండ మోసినవానికి, ఆ చీరలు నేసినవానికి అక్కడ చోటు దొరకలేదు. నేత కనబడుతుంది, నేతగాడు కనబడడు.

ఆధునిక కాలంలోనైనా మారిందా? 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామ తాయ్‌కాన్, హిషిద షున్సో కలకత్తా వచ్చారు. అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ల దగ్గర చూసి రంగును నీళ్లతో కడిగే పద్ధతి పట్టుకున్నాడు. ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా ఆ బెంగాలీ శైలి బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చింది, అడివి బాపిరాజు వంటి శిష్యులు తయారయ్యారు. అయితే జపాన్ నుంచి మన జాతీయవాదులు ఏం తెచ్చుకున్నారు? పొగమంచు తెచ్చుకున్నారు. ఆ మంచులో దేవతలను, మునులను, పురాణ స్త్రీలను నిలబెట్టారు. పీపా చేసేవాడు, రంపం లాగేవాడు ఓడ దిగనేలేదు. చెక్క మీద, లినోలియం మీద చెక్కే పద్ధతిని ఆకలిగొన్న జనం కోసం వాడటం చూడాలంటే 1943 బెంగాల్ కరువు నాటి చిత్తప్రసాద్ దాకా ఆగాల్సి వచ్చింది. ఏ విద్యను దిగుమతి చేసుకోవాలి, దేన్ని రేవులోనే వదిలెయ్యాలి అని నిర్ణయించింది ఎవరి అభిరుచి? దానికి కులం లేదని ఎట్లా అనగలం?

సంతకం ఒకరిది, చేతులు నలుగురివి

మెచ్చుకోవాల్సింది మెచ్చుకున్నాం. ఇప్పుడు అడగాల్సింది అడుగుదాం.

ఈ బొమ్మలు ఒక్క హొకుసాయి చేతిలోంచి రాలేదు. పెట్టుబడి పెట్టి అమ్మినవాడు నిషిమురాయ యొహాచి అనే ప్రచురణకర్త. హొకుసాయి పల్చటి కాయితం మీద గీసి ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ పలక మీద బోర్లా అతికించి, గీత గీతకూ రెండు పక్కలా ఉలితో తీసేస్తాడు. అసలు బొమ్మ ఆ ఉలి కిందే నాశనమైపోతుంది. రంగు రంగుకూ వేరే పలక కావాలి. తర్వాత అచ్చు వేసేవాడు పలకకు రంగు పూసి, తడి కాయితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనక నుంచి రుద్దుతాడు. ఆకాశం పైన ముదురుగా ఉండి కిందికి పలచబడే నీలం ఉంది చూడండి, అది అచ్చు వేసేవాని చేతివాటం. ఆ నీలం 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు. 1830 నాటికి ఓడల మీద చవగ్గా రావడం మొదలైంది. పెడన అద్దకం అచ్చులు చూసినవాళ్లకు ఈ పనంతా సులభంగానే అర్థమవుతుంది. అచ్చు చెక్కినవాడు వేరు, అద్దినవాడు వేరు, అమ్మినవాడు వేరు.

ఈ ఫుజి బొమ్మల మీద సంతకం హొకుసాయిది, ముద్ర ప్రచురణకర్తది, అచ్చుకు ఒప్పుకున్న సర్కారుది. చెక్కినవాని పేరు లేదు, రుద్దినవాని పేరు లేదు. 1834లో మొదలైన ఫుజి నూరు దృశ్యాల పుస్తకంలో చెక్కినవాళ్ల పేరు వేశారు. అంటే పేరు వెయ్యడం అసాధ్యమేమీ కాదు, అలవాటు లేదంతే. ఇక్కడిదాకా ఇది ఏ కార్మిక సంఘమైనా అడిగే ప్రశ్నే. మన ప్రశ్న దీని తర్వాత మొదలవుతుంది.

బతికిన గుర్రం, చచ్చిన గుర్రం

హొకుసాయి కాలంలో జపాన్ సమాజంలో సమురాయిలు, రైతులు, చేతిపనివాళ్లు, వర్తకులు కాకుండా వీళ్లందరికీ వెలుపల ఇంకొందరు ఉండేవాళ్లు. వాళ్లను 'ఎతా' అన్నారు, మలినం మెండుగా ఉన్నవాళ్లని ఆ అక్షరాల అర్థం. ఇంకో గుంపు 'హినిన్', మనిషి కానివాళ్లు. ఇవి తిట్లు. వాటిని మోసినవాళ్లే తోసిపారేశారు, ఇక్కడ చరిత్ర కోసమే వాడుతున్నాం. చచ్చిన గొడ్డును, గుర్రాన్ని తీసెయ్యడం, తోలు పదును చెయ్యడం, ఉరితీసేచోట పని చెయ్యడం వీళ్లకు కట్టబెట్టారు. ఎతా అన్నది పుట్టుకతో వచ్చేది, చస్తేగాని పోదు. వేరే పేట, వేరే పెళ్లి సంబంధాలు. మనకు పరిచయం లేని మాట ఇందులో ఒక్కటైనా ఉందా?

ఇప్పుడు ఆ 46 బొమ్మలను మళ్లీ తిప్పి చూద్దాం. పీపా చేసేవాడున్నాడు, కలప కోసేవాడున్నాడు, పల్లకి మోసేవాడున్నాడు, చేపలవాడున్నాడు. తోలు పని చేసేవాడు ఒక్కడూ లేడు. హొదొగయ బొమ్మలో గుర్రం ఉంది, సెంజు బొమ్మలో గుర్రం ఉంది. గుర్రం బతికున్నంతకాలం బొమ్మలో ఉంటుంది. చచ్చినాక దాన్ని మోసేవానికి మాత్రం బొమ్మలో చోటు లేదు.

ఈ వరసలో అసకుస బొమ్మ కూడా ఉంది. హొంగన్‌జి గుడి పైకప్పు పెద్దగా, దాని మీద పెంకులు సరిచేసే పనివాళ్లు చీమలంత, గాల్లో ఒక గాలిపటం, దూరంగా ఫుజి. అదే అసకుసలో, ఆ గుడికి కాస్త దూరంలోనే, దన్‌జాయెమోన్ అనే వంశపారంపర్య పెత్తందారు కింద ఎతా ప్రజల పేట ఉండేది. కాంతో ప్రాంతపు వెలివాడలన్నిటికీ అదే కేంద్రం. తోలు వ్యవహారమే కాదు, దీపపు వత్తుల వ్యాపారం కూడా ఆ పేటదే. ఎడో ఇళ్లలో దీపం వెలగాలంటే వత్తి ఆ పేట నుంచి రావాలి. వెలుతురు పనికొచ్చింది, మనుషులు పనికిరాలేదు. హొకుసాయి ఆ పైకప్పు మీద నుంచి అరవై మైళ్ల అవతలి కొండను చూపించాడు, నడిచిపోయేంత దూరంలో ఉన్న పేటను చూపించలేదు.

ఇంకో సంగతి. ఫుజిమిగహార నుంచి నిజంగా కనబడేది ఫుజి కాదు, వేరే కొండ అని చెబుతారు. అంటే కనబడని కొండను తెచ్చి బొమ్మలో పెట్టవచ్చు, కనబడే మనుషులను బొమ్మలోంచి తీసెయ్యవచ్చు. ప్రకృతి దృశ్యం అన్నది ఇట్లా తయారవుతుంది.

అట్లాగని వాళ్లు కాయితం మీద అసలు లేరనుకుంటే పొరపాటు. అంతటా ఉన్నారు. తర్వాత కలిపిన 10 బొమ్మల్లో అంచుగీతలు నల్లసిరావి. ఆ సిరా దీపపు మసికి జిగురు కలిపి చేస్తారు. రంగు పాకకుండా అచ్చు కాయితానికి పూసే పూతలోనూ పటికతో పాటు జిగురే ఉంటుంది. ఆ జిగురు తోలును, ఎముకలను కాచి తీసేది. తోలు ఎవరి చేతి పనో ముందే చూశాం. బొమ్మను పట్టి ఉంచే బంక వాళ్లది. బొమ్మలో రూపం మాత్రం వాళ్లది కాదు.

వాళ్లకు కాయితం మీద దొరికిన చోటు ఇంకొకటుంది, అది పటం. ఆ కాలపు అచ్చు పటాల మీద వాళ్ల పల్లెలను 'ఎతా ఊరు' అని పేరు పెట్టి గుర్తించారు. దృశ్యంలో మనిషిగా లేడు, పటం మీద మచ్చగా ఉన్నాడు. అదేదో పాతకథ కాదు. 1975లో వెలివాడల చిరునామాల రహస్య జాబితాలు కంపెనీలకు అమ్ముతున్నట్టు బయటపడింది. ఉద్యోగానికి వచ్చినవాని పుట్టిన ఊరు చూడ్డానికి కొన్నారు. 2009లో గూగుల్ ఎర్త్‌లో పాత పటాలను పేర్లతో సహా పెడితే బురాకు విమోచన సంఘం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. పటం ఎవరికి సాయం చేస్తుంది, ఎవరిని పట్టిస్తుంది అన్నది కులం తెలిసిన దేశంలో అడగకుండా ఉండకూడదు.

శ్రామికుల మధ్య గీత

కులం అంటే శ్రమను పంచడం మాత్రమే కాదు, శ్రమ చేసేవాళ్లను మెట్లుమెట్లుగా విడగొట్టడం అని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఈ ఒక్క మాట పట్టుకొని చూస్తే హొకుసాయి బొమ్మల గొప్పతనం, హద్దు రెండూ ఒకేసారి తెలుస్తాయి. ఆయన శ్రమను గీశాడు. శ్రామికుల మధ్య గీసిన గీతను మాత్రం ముట్టలేదు.

ఆ గీత ఎంత పదునైందో తర్వాతి చరిత్ర చూపింది. 1871లో జపాన్ సర్కారు ఎతా, హినిన్ అనే పేర్లు రద్దు చేసి అందరూ సమానమంది. 1873లో మిమసకా ప్రాంతంలో రైతులు సైన్యంలో చేర్చుకునే చట్టం మీద తిరగబడ్డారు. అక్కడితో ఆగకుండా పక్కనున్న వెలివాడల మీద పడి ఇళ్లు తగలబెట్టారు, మనుషులను చంపారు. బొమ్మల్లో వంగి పని చేస్తూ కనబడే రైతే, వెలివాడ తలెత్తేసరికి కత్తి పట్టాడు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్లకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. శ్రమజీవులంతా ఒకటే అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ మాట అనేవాళ్లు వెలివాడ నుంచి ఒకసారి చూసి చెప్పాలి.

అనంతపురం మెట్టలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బోర్లు రాకముందు ఇక్కడ బావి సేద్యం కపిలెతో సాగింది. ఎద్దులు మోకు లాగుతూ దిగుతాంటే బాన పైకొచ్చేది, తోలు తొండంలోంచి నీళ్లు కాలవలోకి పారేవి. ఆ తొండం కుట్టింది మాదిగ. రైతు కాలికి మెట్లు కుట్టింది మాదిగ. ఎద్దు చస్తే మోసింది మాదిగ. పంట కళ్లానికొచ్చినప్పుడు మేర కోసం దూరంగా నిలబడిందీ మాదిగే. హొకుసాయి వంటివాడు యాడికిలో పుట్టి ఆ బావిని గీశాడనుకుందాం. ఎద్దులు తోలే రైతును ముందు పెట్టేవాడు. ఊగే మోకు పక్క నుంచి ఎర్రమల కొండను గోరంతగా చూపించేవాడు. తొండం కూడా బొమ్మలో ఉండేది. దాన్ని కుట్టిన చెయ్యి యాడుండాది? ఊరి అంచుకు అవతల, అంటే బొమ్మ అంచుకు అవతల.

ఇది హొకుసాయిని ముద్దాయిని చేసి నిలబెట్టడం కాదు. ఆయన తన కాలానికి చాలా చేశాడు. మన ప్రశ్న ఆ బొమ్మలను చూపించి 'ఇదిగో ప్రజల కళ' అని పాఠం ముగించేవాళ్లకు. ప్రజలు అనే మాటలో ఎవరు పడ్డారు, ఎవరు పడలేదు అని చూడకుండా ముగిసే పాఠం పాఠం కాదు. ఈ చూపు మన మీదికీ తిప్పుకోవాలి. దళితులు అనే బొమ్మలో అందరూ సమంగా పడ్డారా అని 1994లో దండోరా అడిగింది. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా 30 ఏళ్లు పట్టింది. అంచుకు అవతల ఎవరున్నారన్న ప్రశ్న ఏ బొమ్మకూ మినహాయింపు ఇవ్వదు.

కొండ కాదు, నీటి మట్టం

వెలివాడ నుంచి బొమ్మ గీసేవాడు రాలేదా? వచ్చాడు. సాయ్‌కో మాన్‌కిచి (1895–1970) నారా ప్రాంతపు బురాకు పల్లెలో గుడి నడిపే ఇంట పుట్టాడు. టోక్యో పోయి చిత్రకళ నేర్చుకున్నాడు. ఆ చెయ్యి చివరికి గీసింది జెండా. 1922 మార్చి 3న క్యోటోలో బురాకు ప్రజలు తమ సంఘం పెట్టుకున్నారు. దాని ప్రకటన రాసింది, నల్లటి గుడ్డ మీద నెత్తుటి రంగు ముళ్ల కిరీటం జెండా రూపం ఇచ్చింది ఆయనే. మన మహద్ చెరువు పోరాటానికి అది అయిదేళ్ల ముందు.

ఆ సంఘం పేరు సుయ్‌హెయ్‌షా. సుయ్‌హెయ్ అంటే నీటి మట్టం, నిలిచిన నీళ్లు ఎటు చూసినా సమంగా ఉన్నట్టు. ఆ దేశం తన గుర్తుగా కొండను పెట్టుకుంది, శిఖరం ఉన్నదాన్ని, కొందరిని ఎక్కనివ్వనిదాన్ని. వెలివేయబడ్డవాళ్లు కొండ వద్దన్నారు, మట్టం చాలన్నారు. రెండు సౌందర్యశాస్త్రాల మధ్య తేడాను ఇంతకన్నా తేటగా చెప్పలేం. 2001లో డర్బన్ సభలో పుట్టుకను బట్టి వివక్ష గురించి దళితులూ బురాకు ప్రజలూ ఒకే గొంతుతో మాట్లాడారంటే దాని వెనక ఈ మట్టం ఉంది.

కాబట్టి బడిలో, కాలేజీలో, సంఘం గదిలో ఏ బొమ్మ చూపించినా మన టీచర్లు, విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వరసగా అడగడం అలవాటు చేసుకోవాలి. పని ఎవరు చేస్తున్నారు? కొండను చూసే తీరిక ఎవరికి ఉంది? ఈ బొమ్మ తయారీలో ఎవరి పేర్లు రాలిపోయాయి? అంచుకు అవతల ఏ వాడ ఉంది? మొదటి మూడు ప్రశ్నలకు జవాబు బొమ్మలోనో, బొమ్మ చరిత్రలోనో దొరుకుతుంది. నాలుగోదానికి జవాబు పుస్తకం మూసి వాడలోకి పోతేనే దొరుకుతుంది. ఎర్రమల కొండలు క్వారీల కింద కరిగిపోక ముందే, కపిలె తొండం కుట్టిన ముసలి చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉండగానే, వాళ్లు చెప్పింది రాసుకోవడం, వాళ్ల పిల్లలు గీసింది అచ్చెయ్యడం మన పని. దానికి ఇంకొక హొకుసాయి రావాలని కాచుకొని కూర్చోనక్కర్లేదు.